మా నాన్న చేత మళ్లీ ‘కాదు’ అనిపించినవాళ్లకు

నిరుడు సంక్రాంతి వెళ్లిన పదో రోజు మా నాన్న పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ దగ్గర కూలబడిపోయాడు. పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ అలాగే ఒరిగిపోయాడని బాబాయి చెప్పాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. కొండపి పొగాకు వేలం కేంద్రంలో బేళ్ల వరసల మధ్య నిలబడి ‘ఈ ఆకుకు ఇదా రేటు?’ అని ఆయన అరిస్తే అవతలి వరసలో వాళ్లు తిరిగి చూసేవాళ్లు. అంత గొంతులో చివరికి ఒకే ఒక్క మాట మిగిలింది: ‘అదే’.

నీళ్లు కావాలన్నా అదే. అమ్మను పిలవాలన్నా అదే. మేం ఏదో ఊహించి ఇంకేదో తెచ్చిస్తే, దాన్ని విసిరికొడుతూ అనేదీ అదే.

సాయం చేసినవాళ్లు తమ పేర్లు రాయొద్దన్నారు. అందుకని పేర్లు లేకుండానే చెబుతాను. చదివితే ఎవరికి వాళ్లకు తెలుస్తుంది.

ముందు మా తప్పు ఒప్పుకోవాలి. ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు బీపీ మాత్రలు రాసిచ్చారు, చెయ్యీ కాలూ ఆడించే కసరత్తులు చూపించారు. మాట సంగతి అడిగితే ‘వస్తే వస్తుందమ్మా’ అని ఊరుకున్నారు. చూడటానికి వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే సలహా, మాట రాకపోతేనేం, రాసి చూపించమనండి అని. నిజమే కదా అనుకున్నాం. రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివే మనిషి. మా అబ్బాయి పలక తెచ్చి, ఎడమ చేతికి బలపం ఇచ్చాం. నాన్న బలపం వంక చూశాడు, పలక వంక చూశాడు. ఒక్క గీత కూడా గీయలేదు. రెండూ పక్కన పెట్టేసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు నుంచి ఊళ్లో ‘పాపం, మతి పోయింది’ అనడం మొదలైంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, మేమూ సగం నమ్మాం. ఆయన ముందే కూర్చుని, ఆయన అక్కడ లేనట్టే ఆయన గురించి మాట్లాడుకునేవాళ్లం.

మొదటి దండం నెల్లూరులో చూసిన స్పీచ్ థెరపిస్ట్ మేడమ్‌కి. ఆమె మమ్మల్ని ఏమీ అడగలేదు. నాన్నకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ‘ఏం పెద్దాయనా, మీ ఊళ్లో పొగాకుని రోజూ నీళ్లలో నానబెట్టి అమ్ముతారంట కదా?’ అన్నారు. నాన్న మొహం చిట్లించి, ఎడమ చెయ్యి అడ్డంగా ఊపి, ‘అదే! అదే!’ అని గట్టిగా కసిరాడు. మేడమ్ మా వైపు తిరిగి, ‘కోపమొచ్చింది చూశారా? అర్థమైంది కాబట్టే వచ్చింది’ అన్నారు. మా అమ్మ అక్కడే ఏడ్చేసింది.

దీన్ని అఫేజియా అంటారని చెప్పారు. ఎక్కువమందికి భాష మెదడులో ఎడమ పక్కన ఉంటుందట. కుడి చేతిని ఆడించేదీ ఆ ఎడమ పక్కే కాబట్టి, అక్కడ దెబ్బ తగిలితే చాలాసార్లు చెయ్యీ మాటా కలిసే పోతాయి. పోయేది నోటి మాట ఒక్కటే కాదు. మాటను వెతికి తెచ్చుకునే చోటే దెబ్బతింటే అక్షరం కూడా దొరకదు. ‘పలక ఇవ్వడమంటే కాలు విరిగినవాడికి కొత్త చెప్పులు ఇవ్వడమేనమ్మా’ అన్నారు. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు చూసిన ఒక మనిషి ఏం చెప్పబోయినా ‘టాన్, టాన్’ అని మాత్రమే అనేవాడట. ఆసుపత్రిలో ఆయన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్లట. ఆయన చనిపోయాక మెదడు చూస్తే ఎడమ పక్క ముందు భాగం పాడైపోయి ఉందట. అది విన్నాక నాన్న ‘అదే’ మీద నాకు భయం పోయింది. అంతకు ముందు అది పిచ్చి మాటలా వినిపించేది.

ఇంకో వింత కూడా ఆమే చూపించారు. ‘మూడు’ అనమంటే అనలేడు. ‘ఒకటి’ అని తను అందించగానే నాన్న ‘రెండు, మూడు, నాలుగు’ అంటూ గడగడా పదిదాకా వెళ్లిపోయాడు. చిన్నప్పటి నుంచి వరసగా అలవాటైన మాటలు వేరే దారిలో వస్తాయట. ఇంటికొచ్చాక రామాలయంలో భజనకి తీసుకెళ్తే చరణాలతో సహా పాడాడు. బయటికొచ్చి చెప్పులు అడగలేకపోయాడు.

రెండో దండం మా మండలంలోని భవిత సెంటర్ టీచర్‌కి. అసలు ఈ పోస్టు రాస్తున్నదే ఆమె కోసం. భవిత సెంటర్లు ప్రత్యేక అవసరాలున్న బడిపిల్లల కోసం పెట్టినవి. అరవై దాటిన మా నాన్న ఆమె లెక్కలోకి రాడు. మా పిన్ని మనవడు అక్కడికి వెళ్తాడు కాబట్టి మాటల్లో సంగతి తెలిసి, ఒక ఆదివారం తనే బస్సెక్కి వచ్చింది. సంచిలో బొమ్మల కార్డులు తెచ్చింది. ఆటిజం ఉన్న పిల్లలకు కావాల్సిన బొమ్మ తీసి ఎదుటి మనిషి చేతిలో పెట్టడం నేర్పే పద్ధతి ఒకటుందట. పెక్స్ అంటారు, 1985లో అమెరికాలో మొదలైంది. ‘మీ నాన్నగారికి అది అక్కర్లేదు, ఆయన జీవితమంతా మాట్లాడినవాడే. వేలు పెట్టి చూపించే అట్ట చాలు’ అంది. స్పెయిన్‌లో అరగాన్ ప్రభుత్వం వేలకొద్దీ బొమ్మల గుర్తులు గీయించి అరసాక్ పేరుతో ఉచితంగా ఇస్తోంది. అమ్ముకోకూడదు, ఊరికే వాడుకోవచ్చు. వాటిలోంచి పన్నెండు ఏరి ప్రింటు తీసుకొచ్చింది.

నాన్న ఆ కాగితం వంక ఒక నిమిషం చూసి నలిపి పారేశాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. టీచర్ మాత్రం నలిగిన కాగితం తీసి మోకాలి మీద సాఫు చేసుకుంటూ, ‘తప్పు నాదేలెండి. ఈ గుండ్రటి తలకాయ పిల్లాడు చెంచాతో తింటున్నాడు, పంచె కట్టుకునే మనిషికి నచ్చుతాడా?’ అని నవ్వింది. పై ఆదివారం పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని గీసిన మల్బరీ అనే గుర్తులు వెతికి తెచ్చింది. వాటిలో కొన్ని నిలబడ్డాయి. మిగతా వాటికి ఫోటోలే దిక్కన్నది. పొగాకు బేలు, బ్యారన్, సంగటి ముద్ద, మా బర్రె, కరెంటు మోటారు, ఇవి ప్రపంచంలో ఎవరూ గీసి పెట్టలేదు మరి. నా ఫోన్‌తో రెండు రోజులు ఇల్లూ చేనూ తిరిగి ఫోటోలు తీశాను. ఊళ్లోవాళ్లవీ అడిగి తీశాను. ఒక్కరు కూడా కాదనలేదు. ఒకాయనైతే చొక్కా మార్చుకుని వచ్చాడు.

అట్ట మీద ఏమేం పెట్టాలో రాయమంటే నేను నీళ్లు, అన్నం, బాత్రూమ్, మందులు అని రాశాను. టీచర్ అన్నీ కొట్టేసింది. ‘చెంబు చూపిస్తే నీళ్లని ఎవరికైనా తెలుస్తుంది. చేత్తో చూపించలేనివి ఏంటో చెప్పండి. ఒక వారం రోజులు ఆయన ఎక్కడెక్కడ కోప్పడుతున్నాడో రాసి పెట్టండి.’ రాశాం. చూస్తే కోపాలన్నీ ఒకటే రకం. మేం ఏదో ఊహిస్తాం, అది తప్పు, ఆ తప్పని చెప్పే దారి ఆయనకు లేదు. అందుకని మొదటి అట్ట మీద తిండి బొమ్మ ఒక్కటి కూడా లేదు. ‘కాదు’, ‘అది కాదు, ఇంకో సంగతి’, ‘ఆగు, వెతుక్కోనీ’, ‘మళ్లీ చెప్పు’, ‘నన్ను అడగరేం?’, ‘బాగలేదు’. ఇవీ గళ్లు. నాన్నకి కుడి పక్క చూపు సరిగ్గా ఆనడం లేదని నెల్లూరు మేడమ్ ముందే కనిపెట్టారు. కాబట్టి ‘కాదు’ ఎడమ చేతి వైపు, అన్నిటికంటే పైన, ఎర్ర గడిలో.

మొదటి రోజు దాన్ని ఎన్నిసార్లు పొడిచాడో లెక్కే లేదు. కూర బాగలేదు, కాదు. ఫ్యాన్ తగ్గించమంటావా, కాదు. మధ్యాహ్నానికి అమ్మ విసుక్కుంది, ‘మాట్లాడేటప్పుడూ ఇంతేగా’ అని. అని తనే నవ్వింది.

ఏడాది తిరిగాక ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మబ్బు పట్టింది. నాన్న రోడ్డు వైపు చూపిస్తూ ‘అదే, అదే’ అని ఊగిపోతున్నాడు. అట్ట ఇచ్చాం. అప్పటికి అది పుస్తకమైంది, నాలుగు పేజీలు. వేలు పొరుగువాళ్ల పేజీలో ఒక ఫోటో మీద ఆగింది, పక్క చేను ఆయన. ‘ఆయన్ని పిలవమంటావా?’ కాదు. ‘డబ్బులియ్యాలా?’ కాదు. ‘ఆయనకి ఒంట్లో బాగలేదా?’ కాదు. పేజీ తిప్పమన్నాడు. బేళ్ల మీద వేలు, మబ్బు మీద వేలు. ‘తడుస్తాయనా? లోపలే ఉన్నాయిగా.’ కాదు. ‘ఆగు’ మీద వేలు పెట్టి చాలాసేపు వెతికాడు. కావాల్సింది అట్ట మీద లేదు. చివరికి తను కప్పుకున్న దుప్పటి అంచు పట్టుకుని, మళ్లీ బేళ్లు, మళ్లీ ఆ ఫోటో. అమ్మకి వెలిగింది: ‘మన టార్పాలిన్ పట్టలు ఆయన దగ్గరున్నాయా?’ నాన్న వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. తను పడిపోకముందెప్పుడో మిరపకాయలు ఆరబెట్టుకోవడానికి ఇచ్చాడట. మాకెవరికీ తెలియదు. బాబాయి బండి మీద వెళ్లి తెచ్చాడు. ఆ రాత్రి వాన పడి ఉంటే చెప్పుకోవడానికి బాగుండేది. పడలేదు. తెల్లారి పట్టల ఫోటో తీసి అట్ట మీద చేర్చాం.

ఫోన్ యాప్‌లు కూడా చూశాం. మా అబ్బాయి పాత ట్యాబ్‌లో సీబోర్డ్ అనే ఉచిత యాప్ వేశాం. బొమ్మ నొక్కితే పైకి పలుకుతుంది. అందులో మిషను గొంతు ‘దయచేసి నాకు మంచినీళ్లు ఇవ్వండి’ అనగానే ఇంట్లో అందరం పగలబడి నవ్వాం. మా నాన్న పుట్టి బుద్ధెరిగాక ‘దయచేసి’ అన్నది లేదు. తప్పు నాదే, ఆ వాక్యం టైపు చేసింది నేను. టీచర్ సలహా మీద బాబాయి గొంతు రికార్డు చేశాం. ఇద్దరి గొంతూ ఒకటే, ఫోన్‌లో అమ్మ కూడా పొరబడేది. ఇప్పుడు ట్యాబ్ ‘ఏమే, నీళ్లు తే’ అంటుంది. బాబాయీ, నువ్వు ఆ యాభై ముక్కలు చెప్పడానికి ఒక రాత్రంతా కూర్చున్నావు. ‘కాదు’ని మూడు రకాల కోపంతో చెప్పావు. నీకేమిచ్చి రుణం తీర్చుకోను?

ఐఐటీ బాంబే వాళ్ల జెల్లో అనే యాప్ కూడా ఉచితమే. బొమ్మ నొక్కి పక్కనే ఇష్టం, అయిష్టం, అవును, కాదు లాంటివి నొక్కుకునే ఏర్పాటు దానిలో నాకు నచ్చింది. చెన్నైలో తయారైన అవాజ్ పేరు చాలామంది చెప్పారు. యాప్ ఏదైనా సరే, చేలోకి వెళ్తే ఎండలో తెర కనిపించదు, చార్జింగ్ అయిపోతుంది. చొక్కా జేబులో పట్టే అట్టే నాన్నకి సుఖం. ట్యాబ్ ఇంట్లోకి, అట్ట వీధిలోకి.

ఆ అట్ట కోసం ఒంగోలు జిరాక్స్ షాపు తమ్ముడిని నాలుగుసార్లు విసిగించాను. మొదటి ల్యామినేషన్ మెరిసిపోయి ఎండకి బొమ్మలు కనిపించలేదు. మెరవని షీటు ఎక్కడినుంచో తెప్పించాడు. జేబులో గుచ్చుకుంటాయని మూలలు గుండ్రంగా కత్తిరించింది అతనే, నేను అడగలేదు. నాలుగోసారి డబ్బులు తీసుకోలేదు.

ఊళ్లో టీకొట్టు అన్నకి కూడా చెప్పాలి. నాన్న కర్ర పట్టుకుని అంతదూరం నడవడం మొదలుపెట్టాక, అక్కడ కూర్చున్న నలుగురూ ఆయన వేలు పెట్టేలోపే ‘టీనా? బిస్కెట్టా? ఇంటికి పోతావా?’ అని మీద పడేవాళ్లు. ఆ అన్న ‘మీరు నోరు మూయండయ్యా’ అని వాళ్లను కసిరి, ‘నువ్వు వెతుక్కో మామా, తొందరేం లేదు’ అంటాడట. అట్ట రెండో కాపీ అడిగి తీసుకుని కొట్లో మేకుకి తగిలించాడు. రెండు టీలు కావాలంటే నాన్న ‘ఒకటి, రెండు’ అని లెక్కపెట్టి అక్కడ ఆగుతాడు. ‘మూడు’లోకి జారిపోతే అన్న మూడోది తనే తాగేస్తాడు.

బొమ్మలు అలవాటైతే ఇక మాట రాదేమో అని మా పెద్దత్త ఒకటే టెన్షన్ పెట్టింది. అలాంటి భయం వద్దనీ, అట్ట ఉండగానే మాట సాధన సాగించమనీ నెల్లూరు మేడమ్ చెప్పారు. సాగిస్తున్నాం. ‘పో’ వచ్చింది, అమ్మ పేరు వచ్చింది. కొన్ని రోజులు ఏమీ రాదు, అట్ట కూడా ముట్టుకోడు, గోడ వైపు తిరుగుతాడు.

మాలాగే ఆర్నెల్లు పోగొట్టుకోకుండా ఉంటారని ఒక్క మాట. నెల్లూరులో సీఆర్‌సీ అని దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వ కేంద్రం ఉంది. అలాంటిదొకటి ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో మాట, భాషకు సంబంధించిన వైకల్యం కూడా ఉంది, అఫేజియా పేరు అందులో రాసే ఉంది. కాబట్టి వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం శిబిరానికి వెళ్తే కాలూ చెయ్యీ మాత్రమే చూపించి రాకండి. మా అట్ట ఫైలు కావాలంటే ఇస్తాను. ఫోటోలు మాత్రం మీ ఇంటివి మీరే తీసుకోవాలి.

నిన్న సాయంత్రం ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. ‘దయచేసి’ దగ్గర నవ్వాడు. అంతా అయ్యాక అట్ట లాక్కున్నాడు. బర్రె మీద వేలు పెట్టాడు. ఈనింది, నాకు తెలుసు, నాలుగు రోజులైంది. తర్వాత గిన్నె. తర్వాత టీచర్ ఫోటో. ‘పాలు పంపమంటావా?’ కాదు. ‘పెరుగా?’ కాదు. మళ్లీ బర్రె, మళ్లీ గిన్నె, ఈసారి గిన్నె మీద రెండు సార్లు కొట్టాడు. వంటింట్లోంచి అమ్మ అరిచింది: ‘జున్నే! ఫ్రిజ్‌లో జున్నుపాలు దాచమని ఆ పొద్దే గొడవ చేశాడుగా!’

ఆదివారం ఇంట్లోనే ఉండండి టీచర్. నాన్న కూడా వస్తానంటున్నాడు.