పిడి ఒక చేత, పొరుగువాడి మొన ఒక చేత

షెఫీల్డ్,
ఆగస్టు 31

ప్రియ మిత్రమా,

కత్తుల ఆట నేర్చుకోబోతున్నానని నిరుడు రాసినప్పుడు, ఇంగ్లండులో కూడా కత్తిసాము ఉంటుందా, ఈ వయసులో నీకది అవసరమా అని అడిగావు. ఏడాది పాటు ఆడకుండా జవాబు రాయడం న్యాయం కాదనిపించి ఆగాను. మొన్న శనివారంతో మా జట్టుకు ఈ సంవత్సరపు ప్రదర్శనలు ముగిశాయి కాబట్టి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఇది సాము కాదు, కత్తులు పట్టుకుని చేసే జానపద నృత్యం. ఇందులో ఎవరూ ఎవరి మీదా కత్తి ఎత్తరు. ఉత్తర ఇంగ్లండులో మా షెఫీల్డ్ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతంలో దీన్ని లాంగ్‌సోర్డ్ అంటారు. కత్తి అంటే సుమారు మూడడుగుల ఉక్కు బద్ద; దానికి పదునుండదు. సముద్రపు ఒడ్డున ఉన్న ఫ్లాంబరో అనే ఊళ్ళో అయితే కత్తులు చెక్కవే. ఆరుగురు, కొన్ని ఊళ్ళలో ఎనిమిది మంది, గుండ్రంగా నిలబడి, ఒక్కొక్కరూ కుడిచేత్తో తమ కత్తి పిడినీ, ఎడమచేత్తో పక్కవారి కత్తి మొననూ పట్టుకుంటారు. ఇక ఆ పట్టు వదలకుండానే కత్తుల మీదుగా దాటాలి, కత్తుల కింద నుంచి దూరాలి, వెనుదిరగాలి, మళ్ళీ గుండ్రంగా విచ్చుకోవాలి. చివరికి కత్తులన్నీ ఒకదానితో ఒకటి అల్లుకుని నక్షత్రంలా బిగుసుకుంటాయి. దాన్ని లాక్ అంటారు. అందరూ చేతులు వదిలేశాక ఒక్కరే ఆ నక్షత్రాన్ని తలపైకి ఎత్తి చూపుతారు. మేకు లేదు, తాడు లేదు. కత్తికి కత్తే ఆసరా. మనమిద్దరం రామాలయం ముందు జడకోలాటం ఆడిన రోజుల్లో ఒక్కడు అడుగు తప్పితే జడ మొత్తం చిక్కుపడేది, గుర్తుందా? ఇక్కడా అంతే.

ఈ ఆటలు కాగితం మీదికి ఎక్కడానికి ముఖ్య కారకుడు సెసిల్ షార్ప్. ఆయన ఉత్తర ఇంగ్లండు ఊళ్ళు తిరిగి, ఆడేవాళ్ళ నుంచి అడుగులూ పాటల వరసలూ రాసుకుని 1911 నుంచి 1913 వరకు మూడు భాగాలుగా అచ్చువేయించాడు. కొంతకాలానికే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఊళ్ళ నుంచి యువకులు వెళ్ళిపోయారు, తిరిగి రానివాళ్ళు చాలామంది. ఆయన ఆ పని ఇంకొన్నేళ్ళు వాయిదా వేసి ఉంటే ఎన్ని ఆటలు మిగిలేవోనని నాకు తరచూ అనిపిస్తుంది. మా జట్టు ఆడేది కిర్క్‌బీ మాల్‌జియర్డ్ అనే ఊరి ఆట. అది ఆ మొదటి భాగంలోదే.

మా సంవత్సరం సెప్టెంబరులో, చర్చి పక్కనున్న హాల్లో, మంగళవారం సాయంత్రాల సాధనతో మొదలవుతుంది. మొదటి నెల నా తప్పు ఒక్కటే: పక్కవాడి కత్తిని గట్టిగా లాగడం. డెబ్బై దాటిన మా కెప్టెన్ నన్ను పక్కకు పిలిచి, కత్తి బిగువుగానూ ఉండకూడదు, జారిపోయేంత వదులుగానూ ఉండకూడదని, పొరుగువాడు ఎటు తిరగబోతున్నాడో ఆ ఉక్కు ద్వారానే నా వేళ్ళకు తెలియాలని ఓపికగా చెప్పాడు. అది నాకు అర్థమయ్యేసరికి నవంబరు వచ్చింది.

క్రిస్మస్ మర్నాడు మేము ఆడం. ఆ రోజు గ్రెనోసైడ్ వాళ్ళది. షెఫీల్డ్‌కు ఉత్తరాన ఉన్న ఆ ఊళ్ళో, ఓల్డ్ హారో అనే పబ్బు ముందు, ఉదయం 11 గంటలకు ఆరుగురు చెక్క అడుగుల బూట్లు టకటకలాడిస్తూ వస్తారు. వాళ్ళ కెప్టెన్ కుందేలు తోలు టోపీ పెట్టుకుని పాట పాడి మధ్యలోకి వస్తాడు. ఆరుగురూ అతని మెడ చుట్టూ లాక్ అల్లి, ఒక్కసారిగా కత్తులు దూసేస్తారు, టోపీ ఎగిరిపోతుంది. అంటే తల తెగినట్టు. ఆ క్షణంలో, ఉక్కు ఉక్కును ఒరుసుకునే చప్పుడుకు నా ఒళ్ళు గగుర్పొడిచింది. ఇది ఏ పూర్వకాలపు బలికో గుర్తని ఒకప్పుడు పండితులు ఊహించారు గాని దానికి ఆధారమేమీ దొరకలేదు. నాకైతే ఆ ఊహ అవసరమే అనిపించదు. కళ్ళెదుట జరిగేదే చాలు. నగరానికి మరోవైపున హాండ్స్‌వర్త్‌లో ఎనిమిది మంది సైనికుల దుస్తుల్లాంటివి వేసుకుని అదే పూట ఆడతారు. ఒకే మనిషి రెండు చోట్లా ఉండలేడు కదా; వచ్చే ఏడాది అటు వెళ్తాను.

జనవరిలో ప్లౌ మండే, అంటే నాగలి సోమవారం, వస్తుంది. ఎపిఫనీ అనే క్రైస్తవ పండుగ తర్వాత మొదటి సోమవారం, దుక్కి పనులు మళ్ళీ మొదలయ్యే రోజు అది. యార్క్‌షైర్‌లోనే ఉన్న గోత్‌లాండ్ అనే ఊళ్ళో కత్తులాడే జట్టుకు ప్లౌ స్టాట్స్ అని పేరు. స్టాట్ అంటే ఆ ప్రాంతపు మాటలో కోడెదూడ, పడుచువాళ్ళే కోడెల్లా నాగలి లాగేవారట. మా జట్టు మాత్రం ఆ రాత్రి మూడు పబ్బుల ముందు ఆడింది. జనం ముందు నాకదే మొదటిసారి. రెండో చోట నేల తడిగా ఉంది. లాక్ పైకెత్తగానే నేను అల్లిన కత్తి జారి రాళ్ళ మీద పడింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఫిడేలు వాయించే ఆమె వరస ఆపకుండా మళ్ళీ మొదటికి వెళ్ళింది, మేము మళ్ళీ అల్లాం.

ఏప్రిల్‌లో న్యూకాసిల్ వెళ్ళి రాపర్ ఆట చూశాను. అది నార్తంబర్లాండ్, డర్హం బొగ్గుగని కార్మికుల ఆట. ఐదుగురే ఉంటారు, కత్తి పొట్టిది, విల్లులా వంగుతుంది, రెండు చివరలా పిడులుంటాయి, వాటిలో ఒకటి తిరుగుతుంది. మనం నలుగురం కూర్చుని టీ తాగేంత చోటులోనే ఆడేస్తారు. వేగం చూస్తే కళ్ళు తిరిగాయి. అయినా నా మనసు మా నిదానపు ఆటకే మొగ్గింది.

మే నుంచి ప్రతి శనివారం ఏదో ఒక ఊరి ఉత్సవం, బడి తోట, చర్చి ముంగిలి. ఆగస్టు 1 యార్క్‌షైర్ దినోత్సవం నాడు రెండుచోట్ల ఆడాం. వాటన్నిటినీ వర్ణించను. ఒక్క జూన్ నాటి సంగతే చెప్పాలి. ఆ రోజు ఆట ఇంకో పావుగంటలో ఉందనగా మాలో ఒకామెకు చీలమండ బెణికింది. మిగిలింది ఐదుగురం. ఐదుగురితో ఈ ఆట లేదు. మా కెప్టెన్ మోకాళ్ళ నొప్పితో ఆడటం మానేసి చాలాకాలమైంది. ఆయన కోటు విప్పి, ఏమీ మాట్లాడకుండా, ఆమె కత్తి అందుకుని నా ఎడమపక్కన నిలబడ్డాడు. కత్తి మీదుగా దాటే ఘట్టం రాగానే ఆయన గెంతలేడని ఆయన మొన పట్టుకున్న నా వేళ్ళకు ముందే తెలిసింది. నేనూ, నా పక్కవాళ్ళూ మాటలేమీ లేకుండానే కత్తిని నేలకు ఆనించేశాం. ఆయన గడప దాటినట్టు మెల్లగా దాటాడు. వరస తప్పలేదు, వలయం తెగలేదు. చూసేవాళ్ళకు ఆట అలాగే ఉంటుందనిపించి ఉండాలి. చివర్లో లాక్‌ను ఆయన చేతికే ఇచ్చాం. దాన్ని ఎత్తి పట్టుకున్న ఆయన మణికట్టు వణకడం నాకు కనిపించింది. నక్షత్రం మాత్రం చెదరలేదు.

వచ్చే మంగళవారం మళ్ళీ సాధన మొదలవుతుంది. కొత్తగా ఇద్దరు వస్తామన్నారు. జట్టులో అదనంగా ఉన్న రెండు కత్తులకు తుప్పు పట్టింది. వాటిని రుద్ది శుభ్రం చేసే పని నాకప్పగించారు. ఈ ఉత్తరం అంటించి అదే చేయాలి. అమ్మగారికి నా నమస్కారాలు తెలియజేయి.

ఇట్లు,
నీ చిన్ననాటి స్నేహితుడు