అప్పడాల ధర పెంచుతున్నాం, ఆ డబ్బు ఎక్కడికి వెళ్తుందో చెప్తున్నాను

మా దగ్గర అప్పడాలు, వడియాలు కొనేవాళ్లందరికీ బరంపురం నుంచి నమస్కారం. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి అరకిలో అప్పడాల ప్యాకెట్ మీద 15 రూపాయలు, వడియాల మీద 10 రూపాయలు పెంచుతున్నాం. మినప్పప్పు ధరకీ ఇంగువ ధరకీ దీంతో సంబంధం లేదు. దిగపహండి వెళ్లే దారిలో మా అత్తగారి వాళ్ల పాత ఇల్లు, దాని వెనక మామిడి తోట ఉన్నాయి. ఆ ఇంటిని తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్లు, అంటే స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించే, లేనివి నిజమని నమ్మించే జబ్బు), బైపోలార్ (ఉత్సాహం, దిగులు మితిమీరి మారుతుండే జబ్బు) లాంటివి ఉన్నవాళ్లు కలిసి బతికే ఇల్లుగా మారుస్తున్నాం. మొదట ఎనిమిది మందికే. అప్పడాల పనిలో సగం కూడా అక్కడికే మారుతుంది. ఈ సంగతి బయటికి తెలిసిన దగ్గర్నుంచి ఫోన్లు ఆగట్లేదు. "అక్కా, మావాణ్ణి ఎప్పుడు తీసుకురమ్మంటావ్" అని కొందరు, "ఇకమీదట మీ అప్పడాలు ఎవరు చేస్తారు" అని ఇంకొందరు. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే, అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా తమ్ముడికి కాలేజీలో ఉండగా ఇలాంటి జబ్బే మొదలైంది. చాలామందికి ఆ వయసులోనే, ఇరవైల్లోనో అంతకు కాస్త ముందో బయటపడుతుంది. మొదట గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టారు, ఆ తర్వాతే సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాం. మందులు పనిచేశాయి. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే మేం పెట్టబోయే ఇంట్లో మందులు మాన్పిస్తామని ఎవరో ప్రచారం చేశారు, అది పూర్తిగా అబద్ధం. వాడికి తెలుగులో తిట్లు వినిపించేవి, ఆ గొంతులు తగ్గాయి, నిద్ర పట్టింది, అన్నం తిన్నాడు. కానీ పొద్దున ఒక మాత్ర, రాత్రి రెండు మాత్రలు వేసుకున్న మనిషికి మధ్యలో ఉండే రోజంతా ఏం ఉంటుంది? మంచం, టీవీ. స్నేహితులు ఒక్కొక్కరే రావడం మానేశారు. పెళ్లికి పిలిచినవాళ్లు కూడా "వాణ్ణి ఇంట్లో ఉంచి రండి" అనేవాళ్లు.

లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1950ల చివరి నుంచి ఒక విషయం మీద చాలా ఏళ్లు పనిచేశారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన స్కిజోఫ్రీనియా రోగుల్లో ఎవరికి జబ్బు తిరగబెడుతోంది అని చూస్తే, ఇంట్లోవాళ్లు పొద్దస్తమానం తప్పులు ఎంచుతున్న చోట, లేదంటే అతిగా వెంటపడి చూసుకుంటున్న చోట ఎక్కువగా తిరగబెట్టిందని తేలింది. దీన్ని పట్టుకుని అమ్మానాన్నల్ని నిందించకూడదు, జబ్బు వాళ్ల వల్ల రాలేదు. ఇరవై నాలుగు గంటలూ ఒకే మనిషిని కనిపెట్టుకుని ఉండాల్సి వస్తే ఎవరైనా అలిసిపోతారు. రోగికీ ఇంటివాళ్లకీ మధ్య కొంచెం దూరం కావాలి, కానీ ఆ దూరం విశాఖ వాల్తేరులోని మానసిక ఆసుపత్రి వార్డులో ఏళ్ల తరబడి వదిలేసేంత ఉండకూడదు.

మా తమ్ముడు మెల్లగా ప్యాకింగ్ గదిలోకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవరూ రమ్మనలేదు. పాతిక అప్పడాలకి ఒక కట్ట, వాడు లెక్కపెట్టేవాడు, అంచు విరిగినవి తీసి పక్కన పెట్టేవాడు. కొన్నాళ్లకి వాడు రాని రోజున పిండి కలిపే ఆవిడ "బాబు ఇవాళ రాలేదేం" అని అడగడం మొదలైంది. నా దృష్టిలో మార్పు అక్కడ వచ్చింది. మందు గొంతుల్ని తగ్గించింది కానీ, "రాలేదేం" అని అడిగే మనిషిని మందు ఇవ్వలేదు.

ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. బెల్జియంలో గీల్ అనే ఊళ్లో మామూలు కుటుంబాలు వందల ఏళ్లుగా మానసిక రోగుల్ని ఇంట్లో పెట్టుకుని, పొలం పనుల్లో కలుపుకుంటూ వచ్చాయి. అమెరికాలో మసాచుసెట్స్‌లో గూల్డ్ ఫామ్ అని 1913లో విల్ గూల్డ్, ఆగ్నెస్ గూల్డ్ దంపతులు మొదలుపెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది, అక్కడ ఉండేవాళ్లూ సిబ్బందీ కలిసి ఆవుల్ని చూస్తారు, వంట చేస్తారు, కలిసి తింటారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ సైనిక ఆసుపత్రుల్లో పనిచేసిన డాక్టర్లు కూడా ఈ దారే పట్టారు, రోగి పడుకుని వైద్యం చేయించుకునేవాడిగా మిగిలిపోకుండా ఆ ఇంటి నిర్ణయాల్లో పాలుపంచుకోవాలని. 1946లో ఆ డాక్టర్లలో ఒకడైన టామ్ మెయిన్ దీనికి థెరప్యూటిక్ కమ్యూనిటీ, అంటే కలిసి బతకడమే వైద్యమయ్యే చోటు, అని పేరు పెట్టాడు. మన దగ్గర బెంగళూరులోనూ చెన్నైలోనూ ఇలాంటి పని ఎన్నో ఏళ్లుగా జరుగుతోంది. మా ఇంట్లో కూడా రోజూ పొద్దున టిఫిన్ అయ్యాక అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఇవాళ కూర ఏంటి, ఎవరు బజారుకి వెళ్తారు, రాత్రి ఎవరి అరుపుల వల్ల ఎవరికి నిద్ర పట్టలేదు, అన్నీ అక్కడే తేలాలి. తెలుగులో, ఒడియాలో, ఎవరికి వచ్చింది వాళ్లు మాట్లాడతారు.

ఇక అప్పడాల సంగతి. "పిచ్చోళ్లతో ఫ్రీగా పని చేయించుకుంటారన్నమాట" అని ఒకాయన మెసేజ్ పెట్టాడు. ఆ మాట నాకు బాధ కలిగించింది, కానీ అడగాల్సిన ప్రశ్నే, ఎందుకంటే దేశంలో అలా చేసే చోట్లు ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి చోట ఎవరితోనూ బలవంతంగా పని చేయించకూడదు, ఇష్టపడి చేసిన పనికి తగిన కూలి ఇవ్వాలి. మా దగ్గర అప్పడాలు వత్తే ఆడవాళ్లకి ఏ రేటో వాళ్లకీ అదే రేటు, కట్టకి ఇంత అని, డబ్బు వాళ్ల పేరు మీద బ్యాంకులో పడుతుంది. పని చేయకపోయినా భోజనం, గది, వైద్యం అన్నీ మామూలుగానే ఉంటాయి. కొందరు ఆరు నెలలు ఏ పనీ ముట్టుకోకపోవచ్చు. ఉండనిస్తాం. శుభ్రత విషయంలో అనుమానం ఉంటే ఏ రోజైనా వచ్చి చూసుకోండి, తలకి టోపీ, చేతులు కడుక్కోవడం, గోళ్లు, అందరికీ ఒకటే రూలు. స్కిజోఫ్రీనియా ఆహారం వల్లో గాలి వల్లో అంటుకునే జబ్బు కాదు.

ఎండలో ఆరబెట్టే పని మాత్రం వాళ్లకి ఇవ్వం. గొంతుల్ని తగ్గించే క్లోర్‌ప్రొమజైన్ లాంటి మందులు వాడేవాళ్ల చర్మం ఎండకి త్వరగా కందిపోతుంది, ఈ రకం మందుల్లో చాలావాటి వల్ల శరీరం వేడిని తట్టుకోలేదు కూడా. బైపోలార్‌కి ఇచ్చే లిథియం వేసుకునేవాళ్లకి చెమట ఎక్కువ పోసి నీళ్లు తగ్గితే రక్తంలో మందు పెరిగి ప్రమాదం అవుతుంది. మన గంజాం మే నెల ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. అందుకే వాళ్ల పనంతా నీడలోనే, పదకొండు లోపే, నీళ్ల కుండ పక్కనే. ఉత్పత్తి కొంత తగ్గుతుంది, ఇకమీదట ఆర్డర్లు ఆలస్యమైతే అదీ ఇందుకే. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు లేక, షాపులు మూసేసి మందుల కోసం ఎంత టెన్షన్ పడ్డామో నాకు గుర్తుంది, కాబట్టి నెలకి సరిపడా మందులు ఎప్పుడూ నిల్వ ఉంచుతాం, దానికి పెట్టుబడి కావాలి.

"మావాణ్ణి తీసుకురానా" అని అడిగేవాళ్లకి, దయచేసి ఇప్పుడు తీసుకురావద్దు. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ రాకుండా ఒక్కరిని కూడా ఉంచుకోం, ఒక్క రాత్రికి కూడా. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో ఇలాంటి ఒక హోమ్ తగలబడితే గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు బయటికి రాలేక 28 మంది చనిపోయారు. గొలుసు వేయడాన్ని చట్టం నిషేధించింది, మా ఇంట్లో గొలుసు ఉండదు, గదులకి బయటి గడియలు పీకించేశాను. మరీ తీవ్రంగా ఉండి, తనకో ఎదుటివాళ్లకో హాని చేసే స్థితిలో ఉన్న మనిషికి ముందు ఆసుపత్రే కావాలి, మా ఇల్లు దాని తర్వాత. ఈలోగా ఇబ్బందిగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది, వైకల్య సర్టిఫికెట్ తీసుకోని కుటుంబాలు మన చుట్టుపక్కల చాలా ఉన్నాయి, అది మాత్రం ఇప్పుడే అప్లై చేసుకోండి.

తోట పక్కన ఉండేవాళ్లలో ఇద్దరు ముగ్గురికి ఈ ఇల్లు ఇష్టం లేదు. ఆడపిల్లలున్న ఇళ్లు కదా అంటున్నారు. వాళ్ల భయాన్ని కొట్టిపారేయను, వాళ్లని పిలిచి మా తమ్ముడితో కూర్చోబెట్టి టీ ఇచ్చాను, ఒకావిడ మెత్తబడ్డారు, మిగతావాళ్లతో ఇంకా మాట్లాడుతున్నాం.

డబ్బు లెక్క కూడా దాచను. మీరిచ్చే 15 రూపాయలతో ఇల్లు నడవదు, రాత్రిపూట ఉండే ఇద్దరు కేర్‌టేకర్ల జీతాలకి సరిపోతుంది, అంతే. మిగతాది ఇవ్వగలిగిన కుటుంబాల నెల ఫీజు, మా దుకాణం లాభంలో సగం. ఎనిమిదిలో రెండు చోట్లు ఏమీ ఇవ్వలేనివాళ్లకి. జాలిపడి అప్పడాలు కొనకండి, రుచి నచ్చకపోతే మానేయండి, నచ్చితే పదిమందికి చెప్పండి, నాకు కావాల్సింది నిలకడగా కొనేవాళ్లు.

ఇచ్ఛాపురం, శ్రీకాకుళం, వైజాగ్ పార్సిళ్లు ఇకపై మంగళవారం, శుక్రవారం మాత్రమే పంపుతాం. పాత ధరకి కావాలనుకునేవాళ్లు ఈ నెలాఖరు లోపు ఆర్డర్ చెప్పండి. మిరియాల అప్పడాలు కొంచెమే ఉన్నాయి, గుమ్మడి వడియాలు సంక్రాంతి దాకా రావు.