‘పర్మిషన్ డినైడ్’కు 777 మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ స్టోరేజీని ఉబుంటులో (లైనక్స్ రకం ఆపరేటింగ్ సిస్టం) మామూలు ఫోల్డర్‌లా మౌంట్ చేసుకుని, అంటే తగిలించుకుని, వాడే నల్లగొండ, పాలమూరు నెట్ సెంటర్లవాళ్లు, కాలేజీ ల్యాబుల్లో పనిచేసేవాళ్లు ఈ లేఖ చదవాలి. ఫోల్డర్ తెరుచుకుంటుంది, ఫైళ్లు కనబడతాయి, సేవ్ కొట్టగానే ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది. వాట్సాప్ గ్రూపుల్లో దీనికి తిరిగే సలహా ఒకటే: సుడో (అడ్మిన్ అధికారం) పెట్టి సీహెచ్‌మాడ్ 777 కొట్టు, అంటే చదవడం, రాయడం, నడపడం అన్నీ అందరికీ తెరిచెయ్యి. దయచేసి కొట్టకండి.

లైనక్స్ మన పేరు చూడదు, నంబర్ చూస్తుంది. ఉబుంటు వేసినప్పుడు పెట్టుకున్న మొదటి యూజర్‌కు 1000, తర్వాత చేర్చినవాళ్లకు 1001, 1002 వస్తాయి. సర్వాధికారాలున్న రూట్ యూజర్‌ది 0. వెబ్‌డ్యావ్ (వెబ్ ద్వారా ఫైళ్లు అందించే పద్ధతి) స్టోరేజీని సుడోతో మౌంట్ చేసి, ఎవరి పేరున అన్నది చెప్పకపోతే ఫోల్డర్ రూట్ సొత్తవుతుంది. ‘ఎల్‌ఎస్ -ఎల్ఎన్’ కొట్టి చూడండి. వరుసలో ముందు అనుమతుల అక్షరాలు, తర్వాత లింకుల లెక్క, దాని పక్కనే యజమాని నంబర్, గ్రూప్ నంబర్ ఉంటాయి. అక్కడ 0 0 కనబడితే జబ్బు దొరికినట్టే. మీ నంబర్ ఎంతో ‘ఐడీ’ కమాండ్ చెబుతుంది.

అవతలి సర్వర్ చాలాసార్లు లైనక్స్ యజమాని లెక్కను దాచుకోదు. మౌంట్ చేసే ప్రోగ్రామే ఆ లెక్కను ఇక్కడ కల్పించి చూపిస్తుంది. కాబట్టి మౌంట్ అయ్యాక అనుమతులు మారిస్తే ఎర్రర్ రాకపోవచ్చు గానీ, ఆ మార్పు నిలుస్తుందన్న నమ్మకం లేదు. సరిచేయాల్సింది మౌంట్ చేసేటప్పుడే.

వెబ్‌డ్యావ్‌కు డ్యావ్‌ఎఫ్‌ఎస్2 అనే మౌంట్ ప్రోగ్రామ్ వాడేవాళ్లు, మౌంట్ల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఆ స్టోరేజీ లైనులో యూజర్, నోఆటో, యూఐడీ=1000, జీఐడీ=1000 అని మీ యూజర్, గ్రూప్ నంబర్లతో రాయాలి. సుడో లేకుండా మౌంట్ కావాలంటే ‘డీపీకేజీ-రీకాన్ఫిగర్ డ్యావ్‌ఎఫ్‌ఎస్2’ నడిపి, మామూలు యూజర్లకు అనుమతి ఇవ్వాలా అన్న ప్రశ్నకు అవునని చెప్పాలి. ఆ యూజర్‌ను డ్యావ్‌ఎఫ్‌ఎస్2 గ్రూపులో ‘యూజర్‌మాడ్ -ఏజీ’తో చేర్చాలి. ఇక్కడ ‘ఏ’ మరిచిపోతే ఆ మనిషి మిగతా గ్రూపులన్నింటి నుంచి, సుడో గ్రూపుతో సహా, ఊడిపోతాడు. చేర్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. చాలామంది ఇది చేయక, గ్రూపులో పెట్టినా పనిచేయలేదని తల పట్టుకుంటారు.

777 అసలు దెబ్బ కొట్టేది ఇక్కడే. హోమ్ ఫోల్డర్ మొత్తానికి అది కొడితే డ్యావ్‌ఎఫ్‌ఎస్2 పాస్‌వర్డ్ ఉండే సీక్రెట్స్ ఫైలు కూడా అందరికీ తెరుచుకుంటుంది. ఆ ఫైలు 600 మీద, అంటే యజమాని ఒక్కడే చదివి రాసేలా, ఉండాలి. లేకపోతే డ్యావ్‌ఎఫ్‌ఎస్2 మౌంట్ చేయనని మొరాయిస్తుంది. ఉన్న రోగం పోదు, కొత్తది వచ్చి చేరుతుంది.

ఆన్‌లైన్ స్టోరేజీని మౌంట్ చేసే మరో ప్రోగ్రామ్ ఆర్‌క్లోన్ దారి వేరు. దాన్ని సుడోతో నడిపితే సెట్టింగుల కోసం రూట్ హోమ్‌లో వెతికి, మీరు పెట్టుకున్న రిమోట్ (స్టోరేజీకి ఇచ్చిన పేరు) లేదంటుంది. మీ లాగిన్‌లోనే నడపండి. మౌంట్ చేసినవాళ్లకు తప్ప వేరెవరికీ, చివరికి రూట్‌కు కూడా, ఆ ఫోల్డర్ తెరుచుకోదు. పొద్దున ఓనర్ తన లాగిన్‌లో మౌంట్ చేసిపోతే, మధ్యాహ్నం వేరే లాగిన్‌తో కౌంటర్‌లో కూర్చున్న పిల్లగాడికి పహాణీ స్కాన్ సేవ్ కానిది అందుకే. వేరేవాళ్లకూ తెరుచుకోవాలంటే ఫ్యూజ్.కాన్ఫ్ ఫైల్లో ‘యూజర్_అలో_అదర్’ లైను ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి, మౌంట్ కమాండ్‌కు ‘--అలో-అదర్’ చేర్చాలి. అంతటితో ఆపితే ఆ మిషన్‌లో ఎవరైనా ఏ ఫైలైనా చెరిపేయగలరు. ‘--డిఫాల్ట్-పర్మిషన్స్’ కూడా పెట్టి, ఇద్దరూ ఉన్న గ్రూపు నంబర్‌ను ‘--జీఐడీ’కి ఇచ్చి, ‘--యూమాస్క్ 002’ రాస్తేనే గ్రూపువాళ్లు రాయగలరు, బయటివాళ్లు చదవడంతో ఆగుతారు. లిబ్రేఆఫీస్‌లో నేరుగా ఫైళ్లు దిద్దేవాళ్లకు ‘--వీఎఫ్‌ఎస్-క్యాష్-మోడ్ రైట్స్’ (రాసినవి ముందు డిస్క్‌లో దాచే సెట్టింగ్) తప్పనిసరి. అది లేక సేవ్ ఆగినా మనం అనుమతులనే అనుమానిస్తాం.

ఇంకొక మాట. కరెంటు పోయి వచ్చాక మౌంట్ కాకుండానే ఆ ఫోల్డర్‌లో సేవ్ చేస్తే ఫైళ్లు హార్డ్ డిస్క్‌లోనే పడతాయి. తర్వాత మౌంట్ చేయగానే వాటి మీద స్టోరేజీ వచ్చి కప్పేస్తుంది, ఫైళ్లు మాయమయ్యాయని గాబరా పడతారు. ‘యూమౌంట్’ కొడితే ఉన్నచోటే కనబడతాయి. పని మొదలుపెట్టే ముందు ‘మౌంట్‌పాయింట్’ అని రాసి పక్కన ఫోల్డర్ దారి ఇచ్చి, మౌంట్ అయిందో లేదో ఒకసారి చూసుకోండి.

– కంప్యూటర్ ల్యాబ్ నిర్వాహకులు, నల్లగొండ