రెండో మాట నాకొచ్చిందిరా!

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఏమీ అనుకోకు. చెల్లికి పాప పుట్టింది, ఇద్దరూ క్షేమం. మిరప కోతలు అయిపోయాయి. నాన్న మోకాలు అలాగే ఉంది. సరే, అసలు సంగతి.

గుడ్ ఫ్రైడేకి, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో రెండో మాట మీద నన్ను ప్రసంగం చెప్పమన్నారు మన చర్చి అయ్యగారు! అదే, పక్క సిలువ మీది నేరస్థుడితో 'నేడు నువ్వు నాతో పరదైసులో (స్వర్గంలో) ఉంటావు' అన్న మాట. పన్నెండు రోజులు లూకా సువార్త 23లో ఆ ఐదు వచనాలే పట్టుకుని కూర్చున్నా. మత్తయి 'బందిపోటు దొంగలు' అన్నాడు, ఇద్దరూ నిందించారన్నాడు. లూకా 'నేరస్థులు' అని ఊరుకుని, ఒకడు మాత్రం రెండోవాణ్ణి గద్దించాడని రాశాడు. పేరు లేదు, ఊరు లేదు. ఒకటి చూశావా? పేతురంతటివాడు 'ప్రభువా' అంటాడు. ఇతను పక్కింటి మనిషిని పిలిచినట్టు 'యేసూ' అన్నాడు. దించమని అడగలేదురా, జ్ఞాపకం చేసుకోమన్నాడు. అక్కడికొచ్చేసరికి ప్రతిసారీ నా గొంతు పట్టేసేది.

మన సంఘంలో పునీతుల ఊసు ఉండదు కదా. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్కు) వాళ్లకి మాత్రం ఇతను పునీత దిస్మాసు, పండుగ మార్చి 25న. సిలువ వేసింది ఆ తేదీనే అని పూర్వం నమ్మేవారట. ఆ పేరు బైబిల్లోది కాదు, నికోదేము సువార్త అనే పాత కథల పుస్తకంలోది. అందులో ఇతను భుజాన సిలువ మోసుకుని పరదైసుకి వస్తాడు. ముందే అక్కడున్న హనోకు, ఏలీయా, మిగతా భక్తులు "దొంగలా ఉన్నావు, ఎవరయ్యా నువ్వు?" అంటారు. కాపలా దూత ఆపితే చూపించమని యేసే ఆ సిలువ ఇచ్చి పంపాడట! సిలువే గేటు పాసు. రాత్రి ఒంటిగంటకి ఇది చదివి అమ్మని నిద్ర లేపి మరీ చెప్పాను.

ఇంకోటుంది, ఇది నీకోసమే. అరబిక్ బాల్య సువార్త అనే ఇంకో పాత కథల పుస్తకంలో ఇతని పేరు తీతు. పసి యేసుని ఎత్తుకుని యోసేపు, మరియ ఐగుప్తుకి పోతుంటే దారిలో దొంగలు. తీతు తన జతగాడు దుమాకుతో "వీళ్లని పోనివ్వు, నలభై డ్రక్మాలు (వెండి నాణేలు) ఇస్తా" అని, నడికట్టు తీసి తాకట్టు పెడతాడు. నలభై, మామా! మన తెనాలి బస్టాండు, నలభై రూపాయలు, నీ వాచీ! నువ్వారోజు ఏమీ మాట్లాడకుండా అది విప్పి ఇచ్చేశావు చూడు... సరే, అది వచ్చినప్పుడు మాట్లాడదాం. "ముప్ఫయ్యేళ్లకి ఈ ఇద్దరూ నా పక్కనే సిలువెక్కుతారు, తీతు నాకంటే ముందు పరదైసుకి పోతాడు" అని పసి యేసు తల్లితో అంటాడు. కథే, లేఖనం కాదు. కానీ ఎవరో ఆ ఒక్క మాట వెనక ముప్ఫయ్యేళ్ల దారి వేశారు కదా!

పులుపిట్ మీద ఇవేవీ చెప్పలేదు, లేఖనానికే కట్టుబడ్డాను. అయిపోయాక అందరూ వెళ్లిపోతున్నారు. చివరి బెంచీలో ఒకాయన లేవలేదు. జైలు నుంచి వచ్చి ఏడాది కాలేదు, ఊళ్లో పలకరించేవాళ్లు తక్కువ. నా దగ్గరికొచ్చి, తువ్వాలు రెండు చేతుల్లో నలుపుతూ, "బాబూ, ఆ మనిషి పేరేంటి?" అన్నాడు.

వాక్యంలో లేదు గానీ జనం దిస్మాసు అన్నారని చెప్పాను. ఆయన పెదాలు కదిలించి రెండుసార్లు అనుకున్నాడు. "దిస్మాసు. దిస్మాసు." కళ్లు తుడుచుకోలేదు మామా, అలాగే బయటికి నడిచాడు.

న్యూయార్క్ రాష్ట్రంలో డానెమోరా జైలుంది. 1939 నుంచి 1941 దాకా అక్కడి ఖైదీలే చేతులారా గుడి కట్టి, దానికి దిస్మాసు పేరే పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకి చెప్పాలిరా, నోట్లో దాకా వచ్చి ఆగిపోయింది. రేపు పొద్దున్నే వాళ్లింటికి వెళ్తున్నా, టీ తాగి కూర్చుని

అదిగో, పోస్టు డబ్బా తీసే వేళైంది. పరిగెత్తాలి. మిగతాది...

నీ
మామ