చంటిగాడికి, మందస నుంచి

ఒరేయ్ చంటీ,

ఎలగున్నావురా? అమ్మ మోకాళ్ళ నొప్పులు ఏమైనా తగ్గాయా? మొన్న ఫోన్ మధ్యలో కట్టయిపోయింది కదా, ఇక్కడ సిగ్నల్ కావాలంటే తోట గేటు దాకా నడవాలి, అందుకే తీరిగ్గా కూచుని రాసేస్తున్నా. మందస దాటి కొండల వైపు వస్తే జీడితోటలో ఒక పెంకుటిల్లు, ఓనర్లు వైజాగ్‌లో ఉంటారు, వేసవి సెలవులకి అద్దెకిస్తారు. ఎదురుగా మహేంద్రగిరి! శిఖరం ఒడిశాలో ఉంది గానీ 1501 మీటర్ల కొండ కదా, అరుగు మీద కూచుంటే చాలు, కనిపిస్తుంది. బరంపురం వెళ్ళినప్పుడల్లా పలాస దాటాక రైలు కిటికీలోంచి చూసేవాళ్ళం చూడు, ఆ కొండలేరా ఇవి.

మధ్యాహ్నం ఎండ మాత్రం ఎండే, కొండ పక్కన కదా అని తగ్గేదేం లేదు. తిని పడుకోవడమే. పొద్దు వాలాక కొండ మీంచి గాలి దిగుతుంది, అప్పుడు వాకిట్లో నులక మంచం వేసుకుని పడుకుంటే ఇంక లేవాలనిపించదు.

తిండి సంగతి చెప్పాలి నీకు. తోట చూసుకునే తాత, మామ్మ పక్కనే ఉంటారు, వంట మామ్మదే. పచ్చి జీడిగింజలు ఎలా కొయ్యాలో దగ్గర కూచోబెట్టుకుని చూపించింది. "సేతులకి నూని రాసుకోండి బాబూ, నేకపోతే సర్మం పొక్కిపోతాది" అని ముందు నా చేతికి నూనె పోసి, తర్వాత కత్తిపీట మీద గింజని నిలువునా రెండు చేసింది, లోపల తెల్లటి పప్పు, దాని మీద పల్చటి పొర, ఆ పొర గోటితో లాగితే వచ్చేస్తుంది, కానీ తొక్కలోంచి కారే జీడి అంటిందా అంతే సంగతులు. ఆ పప్పుతో ఉల్లిపాయ, కొబ్బరి వేసి కూర చేసింది. కొట్లో కొన్న జీడిపప్పుకి ఈ రుచి రమ్మన్నా రాదురా. మర్నాడు పనసపొట్టు ఆవ పెట్టి. పొద్దున్నే చోడి అంబలి, మజ్జిగ పోసుకుని. సాయంత్రం తాటిముంజలు.

తోటలో చెట్లు చాలామటుకు చిన్నవే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చింది కదా, పెద్ద చెట్లన్నీ అప్పుడే పోయాయంట. "ఒక్క రేతిరికి తోటంతా పడిపోనాది బాబూ" అంటాడు తాత. ఒక చెట్టు మాత్రం పడిన చోటే ఉండిపోయింది, సగం వేర్లు పైకి లేచి ఎండిపోయాయి, మిగతా సగం ఇంకా మట్టిలోనే ఉన్నాయి, ఆ పడుకున్న మాను మీంచి కొత్త కొమ్మలు నిటారుగా లేచాయి. ఈ ఏడు కాసింది కూడా. ఎర్ర పళ్ళు, కింద గింజ వేలాడుతూ. నాకు ఆ చెట్టు దగ్గర ఎంతసేపు నిలబడ్డా తనివి తీరలేదు. ఈ ఉద్దానం ప్రాంతం వాళ్ళ ఓపికకి నిజంగా దండం పెట్టాలిరా.

సంతకి కూడా వెళ్ళాం. సవర తెగ వాళ్ళు కొండ మీంచి చింతపండు, కొండచీపుర్లు తెచ్చుకుంటారు, వాళ్ళలో వాళ్ళు సవరలో మాట్లాడుకుంటుంటే గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు, పర్లాకిమిడిలో ఉండి ఆయన పట్టుబట్టి నేర్చుకున్నది ఈ భాషే కదా. కోవా కూడా కొన్నా, మందస కోవా గురించి నీకు నేను చెప్పాలా. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు బారువలో చూడొచ్చు, అక్కడికి నువ్వొచ్చాకే వెళ్దామని ఆగాను.

ఒక్క జాగ్రత్త. జీడిపళ్ళకి, పనసపళ్ళకి ఎలుగుబంట్లు వస్తాయి. చీకటి పడ్డాక, తెల్లారకముందు తోటలోకి ఒంటరిగా పోకూడదు, తాత కూడా కర్ర, టార్చి లేకుండా కదలడు. పిల్లలకి ముందే చెప్పి తీసుకురా.

ఈ నెల దాటితే జీడి అయిపోతుంది, అందుకే తొందర పెడుతున్నా. సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కితే పొద్దున్నే పలాసలో దిగుతావు, ఆటో మాట్లాడి స్టేషన్‌కి నేనే వస్తా. అమ్మని తప్పకుండా తీసుకురా, ఇంటికి మెట్లు రెండే, బాత్రూమ్ లోపలే ఉంది, ఆవిడకేం ఇబ్బంది ఉండదు. టికెట్లు దొరికిన తేదీ మెసేజ్ పెట్టు, ఓనరుకి చెప్పి ఇంకో గది తీయిస్తా.

నీ
బుజ్జి