దూలాలు కోసేముందు

జెర్సీ సిటీ

తమ్ముడూ,

సిరొంచ ఇంటి టేకు దూలాలు దించారని అమ్మ చెప్పింది. పెట్టెలు చేస్తానన్నావట, సంతోషం. కానీ రంపం పెట్టకముందే ఇది చదువు.

మొదట మేకులు. చెక్క అంతటా అయస్కాంతం జరుపు. లోపల విరిగిన ముక్క ఒక్కటున్నా రంపం పళ్ళు పోతాయి. మేకు చుట్టూ నల్లమచ్చ ఉంటే అది కుళ్ళు కాదు, ఇనుము చెక్కలోని వగరుతో కలిసి అయిన రంగు. లీటరు వేడినీళ్ళలో 60 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కరిగించి పూస్తే తేలికపడుతుంది. గ్లవుజులు వేసుకో, తర్వాత బాగా కడుగు. అది మిగిలి ఉండగా గరుకు కాగితం పట్టకు, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పాత రంగు ఉంటే సీసం ఉండొచ్చు, తడిపే గీకు.

గోడలో దిగి ఉన్న చివరలు జానెడు కోసి పారెయ్. చెదలు, తేమ అక్కడే ఉంటాయి. మిగతాది కావలసిన మందానికి 3, 4 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి కోసి, మధ్యలో పుల్లలు పెట్టి రెండు వారాలు నీడన పేర్చు. ఏళ్ళ తరబడి బరువు మోసిన దూలం కోయగానే వంగుతుంది. ఆ వంపు వచ్చాకే చిత్రిక పట్టాలి. మూతలకు సందు వదులు. మే ఎండలో బిగుతుగా కుదిరిన మూత శ్రావణంలో ఊడిరాదు.

అసలు చిక్కు జిగురు దగ్గర. టేకులో నూనె ఉంటుంది. నిన్న చిత్రిక పట్టిన ముఖానికి ఇవాళ జిగురు రాస్తే అతుకు బలంగా ఉండదు, నూనె మళ్ళీ పైకి వస్తుంది. అప్పుడే చిత్రిక పట్టి, తెల్లగుడ్డకు అసిటోన్ అద్ది తుడిచి, గుడ్డకు రంగు అంటడం తగ్గాక, ఆరిన పది నిమిషాల్లో ఆరాల్డైట్ జిగురు రాయి. అసిటోన్‌కు బదులు గోళ్ళరంగు తీసే సీసా వాడకు, అందులో వేరే నూనెలు కలుపుతారు. అతుకును పట్టి ఉంచే క్లాంపు మరీ బిగించకు, జిగురంతా బయటికి కారి అతుకు ఎండిపోతుంది. 24 గంటలు కదపకు.

ఇక్కడ న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్ సముద్రపు నడకదారికి పరిచిన ఐపీ అనే చెక్కదీ ఇదే నూనె గుణం, ఇంకా గట్టిది. నీళ్ళలో మునిగేంత బరువు. దాని పసుపు పొడికి సున్నపు నీళ్ళు తగిలితే పారాణిలా ఎర్రబడుతుంది. టేకులోనూ ఆ జాతి పదార్థమే ఉంటుంది, కొందరికి చర్మం దద్దురులెక్కుతుంది. కాబట్టి మాస్కు, నిండు చేతుల చొక్కా వేసుకో.

చివరికి అవిసె నూనె పలచగా పట్టించి, మిగిలింది తుడిచెయ్. ఆ నూనెగుడ్డలు ముద్దగా చుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. దండెం మీద విడివిడిగా ఆరెయ్, లేదా నీళ్ళలో ముంచి ఉంచు.

కోసిన చివర ఫొటో ఒకటి పంపు. అంచున తెల్లగా ఉన్న భాగంలో సన్నటి చిల్లులు, పిండిలాంటి పొడి కనిపిస్తే ఆ ముక్కను ఇంట్లోకి తేవద్దు.

నీ అన్నయ్య