మీ ఆఫీసు పంపిన తంతిని మీ ఆఫీసే నమ్మడం లేదు: రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ముందు ఒక తంతి గురించి చెప్పాలి. 1971 డిసెంబర్ ఆఖరి వారంలో పశ్చిమ గోదావరి జిల్లాలో మా ఊరికి వచ్చింది. పోస్ట్‌మ్యాన్ సైకిల్ దిగి తంతి అనగానే మా మామ్మ అరుగు మీదే కూలబడి ఏడుపు మొదలుపెట్టిందట, ఆ రోజుల్లో తంతి అంటే చావు కబురే కదా, అందులోనూ మొగుడు యుద్ధంలో ఉన్నాడు. ఇంగ్లీషు చదవడం వచ్చిన మాస్టారు బడి నుంచి వచ్చేదాకా, అంటే ఓ గంటసేపు, ఆవిడ లెక్కలో తాతయ్య లేడు. మాస్టారు వచ్చి, చదివి, "ఏడవకమ్మా, బతికే ఉన్నాడు, దెబ్బ తగిలింది, ఆస్పత్రిలో ఉన్నాడు" అన్నాడు. ఆ కాగితం మామ్మ ట్రంకు పెట్టెలో పెళ్లి పట్టుచీర కింద ఇప్పటికీ ఉంది. మడతల దగ్గర చిరిగింది గానీ అక్షరాలు పోలేదు. తాతయ్య నంబరు, ర్యాంకు, పేరు, తర్వాత "వూండెడ్ ఇన్ యాక్షన్" అనే మూడు మాటలు, ఆస్పత్రి పేరు. పంపింది ఆయన రెజిమెంటు రికార్డు ఆఫీసు.

అదే రికార్డు ఆఫీసు కిందటి ఏడాది మాకు రాసిన ఉత్తరం సారాంశం ఏంటంటే, మీ తాతగారు శత్రువు చర్య వల్ల గాయపడినట్టు మా దగ్గర ఆధారాలేవీ లేవు, కాబట్టి వూండ్ మెడల్ (గాయపడిన సైనికులకి ఇచ్చే పతకం) విషయం పరిశీలించలేం అని.

అది ఏ రెజిమెంటో, ఏ ఊళ్లో ఆఫీసో ఇక్కడ రాయను. ఆ ఉత్తరం మీద సంతకం పెట్టినాయన మీద నాకు కోపమేమీ లేదు, తన ముందున్న రిజిస్టర్లో లేనిది ఆయన మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తాడు. నా గొడవంతా ఆ రిజిస్టర్ తప్ప ఇంక దేన్నీ చూడనివ్వని పద్ధతితో. దాన్ని మార్చగలిగింది మీరు కాబట్టి మీకు రాస్తున్నాను.

తాతయ్య 1963లో చేరాడు. చైనాతో యుద్ధం అయిపోయి, సైన్యంలోకి జనాన్ని పెద్ద ఎత్తున తీసుకుంటున్న రోజులు. మాకు మిలిటరీ మాధవరం దగ్గరే, తాడేపల్లిగూడెం పక్కన, ఇంటికొకడు సైన్యంలో ఉంటాడని పేరున్న ఊరు. అక్కడి చుట్టాల కుర్రాళ్లతో కలిసి వెళ్లి లైన్లో నిలబడ్డాడు, ఎత్తు సరిపోయింది, ఛాతీ సరిపోయింది, తీసుకున్నారు. 1971లో పశ్చిమ సరిహద్దులో, షకర్‌గఢ్ వైపు ఉన్నాడు. బసంతర్ నది దగ్గర జరిగిన పోరు మీకు నేను చెప్పక్కర్లేదు, డిసెంబర్ 16న అరుణ్ ఖేతర్‌పాల్ తన ట్యాంకులోనే ప్రాణం విడిచింది ఆ పోరులోనే, ఆయనకి పరమవీర చక్ర ఇచ్చారు. మర్నాడు రాత్రి ఎనిమిది గంటలకి ఆ సరిహద్దులో కాల్పులు ఆగాయి. తాతయ్యకి దెబ్బ తగిలింది సరిగ్గా ఆ రెండింటి మధ్య రాత్రి. షెల్ పేలి ముక్కలు ఎడమ తొడలో దిగాయి. "ఇంకొక్క రోజు కళ్లు మూసుకుంటే ఏ గొడవా లేకుండా ఇంటికొచ్చేవాణ్ణి" అని నవ్వేవాడు. యుద్ధం గురించి మాకు చెప్పింది దాదాపు అంతే. చలి గురించి మాత్రం చాలా చెప్పేవాడు.

పఠాన్‌కోట్ మిలిటరీ ఆస్పత్రిలో పెద్ద ముక్క తీశారు. చిన్నది ఒకటి ఎముకని ఆనుకుని ఉంది, కెలికితే కాలుకే ముప్పని వదిలేశారు. యాభై ఏళ్లకి పైగా ఆయన దాన్ని మోశాడు. ముసురు పట్టే ముందు ఆయన తొడ తడుముకోవడం చూసి మామ్మ డాబా మీద వడియాలు ఎత్తేసేది, రేడియోలో వాతావరణం చెప్పేవాళ్ల కంటే ఆవిడకి ఆ తొడ మీదే నమ్మకం ఎక్కువ. చివర్లో పక్షవాతం వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్తే ఎంఆర్ఐ గది బయట "ఒంట్లో ఇనుము ఏమైనా ఉందా" అని అడిగారు. ఉందన్నాం. ఎక్స్‌రే తీసి చూసి, ఎంఆర్ఐ కుదరదని సీటీ స్కాన్‌తో సరిపెట్టారు. ఆ ఎక్స్‌రే ఫిల్ము కూడా మా దగ్గర ఉంది.

ఇక మెడల్ సంగతి. ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నాను, మీకు తెలిసిందే. శత్రువు చర్య వల్ల నేరుగా గాయపడిన సైనికులకి ఇచ్చే పతకం ఇది, హిందీలో పరాక్రమ్ పదక్ అంటారు, తెల్ల రిబ్బను, మధ్యలో ఎర్ర చార. దీన్ని ఏర్పాటు చేసింది 1973లో. అంటే తాతయ్యకి దెబ్బ తగిలినప్పుడు అలాంటి మెడల్ అనేదే లేదు, వచ్చిన ఏడాదికే ఆయన సైన్యంలో లేడు. 1974లో సొంత కోరిక మీద ఇంటికి వచ్చేశాడు, ఇక్కడ మా ముత్తాత మంచం పట్టి పొలం చూసేవాళ్లు లేక. పదకొండేళ్ల సర్వీసు, పెన్షన్ లేదు. పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ వచ్చాయి, ఇరవై అయిదేళ్ల స్వాతంత్ర్య పతకం వచ్చింది. ఇది రాలేదు. ఎందుకు రాలేదో నాకర్థమైనంతవరకు పెద్ద రహస్యమేమీ లేదు, పేరు పంపాల్సిన యూనిట్లో ఆయన లేడు, ఆయనున్న ఊళ్లో అలాంటి మెడల్ ఒకటుందని చెప్పేవాళ్లు లేరు. తర్వాతెప్పుడో తెలిసింది. మా నాన్న అడుగుదామంటే "దెబ్బ తిన్నందుకు బిళ్ల అడుక్కోవడమేంట్రా" అని కసిరేశాడట.

అడిగింది మేమే, అదీ ఆయన పోయాక. దినానికి వచ్చిన ఒక రిటైర్డ్ సుబేదార్ గారు ఫోటో ముందు పెట్టిన మెడల్స్ చూసి "వూండ్ మెడల్ ఏదమ్మా? ఈయన కాలు నాకు తెలుసు" అన్నారు. అప్పట్నుంచి మొదలైంది.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వాళ్లు మర్యాదగానే ఉన్నారు, దరఖాస్తు రాయించి పంపారు. నెలలు గడిచాయి, జవాబు లేదు. అప్పుడు సమాచార హక్కు కింద అడిగాను, షీట్ రోల్, అంటే ఆయన సర్వీసు వివరాలన్నీ ఉండే కాగితాల కాపీ ఇమ్మని. వచ్చిన జవాబేంటంటే, పెన్షన్ లేకుండా వెళ్లిపోయిన సైనికుల సర్వీసు కాగితాలు 25 ఏళ్లు మాత్రమే ఉంచుతారు, తర్వాత నిబంధన ప్రకారం ధ్వంసం చేస్తారు, మిగిలేది లాంగ్ రోల్ ఒక్కటే అని. లాంగ్ రోల్ అంటే ఒక మనిషి మొత్తం సర్వీసుకి రిజిస్టర్లో ఒక్క వరస. అందులో గాయం లేదు. సరే, డిశ్చార్జ్ బుక్కులో ఉంది కదా, "స్ప్లింటర్ ఇంజురీ, లెఫ్ట్ థై" అని సిరాతో రాసి, ముద్ర వేసి, మీ అధికారి సంతకం పెట్టిన పేజీ ఉంది కదా, అది పంపాను. దానికొచ్చిన జవాబు చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గాయం ఉన్నట్టు తెలుస్తోంది గానీ అది బాటిల్ క్యాజువాల్టీనా, ఫిజికల్ క్యాజువాల్టీనా అన్నది తేలడం లేదట. అంటే యుద్ధంలో తగిలిందా లేక మామూలు ప్రమాదమా అని. 1971 డిసెంబర్ మూడో వారంలో, షకర్‌గఢ్‌లో, తొడలోకి షెల్ ముక్క దిగిన మామూలు ప్రమాదం ఏమై ఉంటుందంటారు?

అప్పుడు తంతి పంపాం, నకలు నోటరీ చేయించి. "కార్యాలయ ప్రతి అందుబాటులో లేనందున ధ్రువీకరించలేము" అన్నారు. కార్యాలయ ప్రతి ఎందుకు లేదు? 25 ఏళ్ల తర్వాత ధ్వంసం చేశారు కాబట్టి. పోనీ తంతి ఆఫీసులో అడుగుదామంటే, తంతి సేవలే 2013 జూలైలో ఈ దేశంలో మూతపడ్డాయి. మీరు కాల్చేసిన కాగితం మేం తెచ్చి చూపించాలి, మేం దాచుకున్న కాగితాన్ని మాత్రం మీరు నమ్మరు. ఇదేం న్యాయం సార్?

ఇంకో దేశం సంగతి చెప్తాను. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో సైనికుల రికార్డులు దాచే భవనానికి 1973 జూలై 12న నిప్పంటుకుంది. 1.6 నుంచి 1.8 కోట్ల మంది ఫైళ్లు కాలిపోయాయి. విచిత్రంగా అది కూడా 1973లోనే. వాళ్లు "కాలిపోయింది, ఇంకేం చేయలేం" అని కూర్చోలేదు, జీతం కాగితాలు, ఆస్పత్రి రిజిస్టర్లు, వేరే ఆఫీసుల్లో ఉన్న నకళ్లు వెతికి, దొరికినంతవరకు ఫైళ్లు తిరిగి కట్టే పని పెట్టుకున్నారు. సైనికుడు చనిపోయాక కూడా వారసులు దరఖాస్తు పెట్టి, ఆయన రికార్డు సరిచేయించి, గాయపడినవాళ్లకి ఇచ్చే పర్పుల్ హార్ట్ రాయించుకోవడానికి వాళ్లకి బోర్డులున్నాయి. అక్కడంతా సవ్యంగా ఉందని నేననను, అక్కడా ఏళ్ల తరబడి తిరిగేవాళ్లున్నారు. కానీ వాళ్లది ప్రమాదవశాత్తు కాలిన రికార్డు. మనది మనమే రూలు రాసుకుని కాల్చింది.

మన దగ్గరా వెతకాల్సిన చోట్లు లేకపోలేదు. 2021 జూన్‌లో మీ మంత్రిత్వ శాఖే యుద్ధ చరిత్రల మీద ఒక విధానం ఆమోదించింది. యూనిట్ల వార్ డైరీలు, అంటే యుద్ధంలో ఏ రోజు ఏం జరిగిందో యూనిట్ రాసి పెట్టే పుస్తకాలు, మీ హిస్టరీ డివిజన్‌కి చేర్చాలని, మామూలుగా 25 ఏళ్లకి రహస్యం తీసేయాలని అందులో ఉంది. చూశారా, అదే 25 ఏళ్లు. జనరల్ గారి యుద్ధం 25 ఏళ్లకి చరిత్ర అవుతుంది, సిపాయి గాయం 25 ఏళ్లకి బూడిద అవుతుంది. తాతయ్య యూనిట్ వార్ డైరీలో 1971 డిసెంబర్ 16, 17 తేదీల పేజీలు తెరిచి చూడమని రెండుసార్లు రాశాను. అది తమ పరిధిలోకి రాదన్నారు. పరిధి ఎవరిదో అది మాత్రం రాయలేదు.

మామ్మ పేరు గొడవ కూడా ఒకటుంది, దాని గురించి ఎక్కువ రాయను. ఆ రోజుల్లో గుమాస్తా తన చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాసుకున్నాడు, ఆధార్‌లో ఇంకోలా ఉంది, ఒక్క అక్షరం తేడా. దానికి అఫిడవిట్, పేపర్లో ప్రకటన, మళ్లీ పార్ట్ టూ ఆర్డర్, అంటే ఆ మార్పుని సైన్యం రికార్డులో ఎక్కించే ఉత్తర్వు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, తను ఫలానా ఆయన భార్యనేనని ముద్ర వేయించుకుంది.

ఒక వకీలు గారు సైనికుల కేసులు వినే ట్రిబ్యునల్‌కి వెళ్లమన్నారు, మాకు చెన్నై బెంచ్ వస్తుందట. వెళ్లగలం. కానీ మేం పెన్షన్ అడగడం లేదు, బకాయిలు అడగడం లేదు, భూమి అడగడం లేదు. ఒక రిజిస్టర్లో ఒక మాట, ఒక రిబ్బను. దీనికి కూడా సైన్యం మీద కేసు వేయాలంటే తాతయ్య ఒప్పుకునేవాడు కాదు, అందుకే ఆగాం.

మీరు చేయాల్సింది పెద్దదేం కాదు. సైన్యమే ఇచ్చిన కాగితం ఏదైనా, అది తంతి కానివ్వండి, డిశ్చార్జ్ బుక్కు కానివ్వండి, మిలిటరీ ఆస్పత్రి చీటీ కానివ్వండి, కుటుంబం అసలు చూపిస్తే చాలు, అది తప్పని మీ ఆఫీసు నిరూపించేదాకా నిజమనే తీసుకోవాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. రికార్డు ఆఫీసులో కాగితం లేకపోతే వార్ డైరీ వెతికే బాధ్యత ఆ ఆఫీసుదే అని అందులో రాయండి, చనిపోయినవాళ్ల తరఫున ఎవరు అడగొచ్చో, ఎన్నాళ్లలో తేల్చాలో అదీ రాయండి. ఇంకా కాల్చకుండా మిగిలిన షీట్ రోల్స్ ఉంటే, యుద్ధంలో గాయపడినవాళ్లవి దయచేసి పక్కన పెట్టించండి, స్కాన్ చేయించండి. మా తాతయ్యది ఎలాగూ పోయింది. కార్గిల్ తర్వాతే పాతికేళ్లు దాటిపోయాయి సార్, అప్పుడు దెబ్బలు తిని పెన్షన్ లేకుండా వచ్చేసినవాళ్ల కాగితాలు ఇప్పుడు ఏ బీరువాలో ఉన్నాయో ఒకసారి కనుక్కోండి.

ఈ లేఖతో పాటు తంతి, డిశ్చార్జ్ బుక్కు పేజీ, ఎక్స్‌రే, మీ ఆఫీసు రాసిన మూడు ఉత్తరాలు, అన్నిటి నకళ్లూ మీకు విడిగా స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఒకటి మాత్రం పంపడం లేదు. తాతయ్య పోయిన మూడో రోజు నాన్న, బాబాయ్ అస్థికలు ఏరుతుంటే శెనగ గింజంత ఇనప ముక్క ఒకటి చేతికి తగిలింది. నల్లగా, ఒక పక్క వాడిగా ఉంది. అన్నీ గోదావరిలో కలిపాం గానీ దాన్ని కలపనివ్వలేదు మామ్మ, "అది ఆయనది కాదు, వాళ్లది" అంది. చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, తంతి పక్కనే ఉంచింది. ఆధారం కావాలంటే చెప్పండి, ఢిల్లీకి నేనే పట్టుకొస్తాను. పోస్టులో మాత్రం పంపను, మీ దగ్గర కాగితాలు ఎలా ఉంటాయో చూశాను కదా.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడి మనవరాలు
పశ్చిమ గోదావరి జిల్లా